అట్టలో చీర, పళ్ళెంలో అక్షరం

తుంగభద్ర ఒడ్డున రాజోలి అనే ఊరుంది. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అదొక మండల కేంద్రం. ఊళ్ళో పాత కోట ఉంది. కాని రాజోలి పేరు నలుగురికీ తెలిసింది కోటవల్ల కంటే మగ్గంవల్లే ఎక్కువ. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు - ఇలాంటి గద్వాల చీరలు నేసే ఊళ్ళలో రాజోలి ఒకటి.

చీర అంచున బుటా ఎలా పడుతుందో మీరెప్పుడైనా గమనించారా? మగ్గం పైభాగాన జకార్డు అనే సాధనం ఉంటుంది. దానికి దళసరి అట్టలు వరసగా దండలా కుట్టి వేలాడదీస్తారు. ప్రతి అట్టకూ చిన్న చిన్న చిల్లులుంటాయి. నేతగాడు కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకు వస్తుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దానికి సంబంధించిన పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కు నెట్టబడుతుంది, పోగు లేవదు. లేచిన పోగుల కిందుగా నాడె దూసుకుపోతుంది. అలా ఒక్కొక్క అట్టకు ఒక్కొక్క వరుస చొప్పున పువ్వో, హంసో బట్టమీద తయారవుతుంది.

అంటే ఆ బొమ్మ ముందే అట్టల్లో ఉందన్నమాట! చూస్తే మాత్రం అట్టల్లో పువ్వూ కనిపించదు, హంసా కనిపించదు. చిల్లు, చిల్లు లేకపోవడం - ఈ రెండే కనిపిస్తాయి.

ఫ్రాన్సు దేశంలో జోసెఫ్ మరీ జకార్డు 1804లో ఈ పద్ధతిని తయారుచేశాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి దీన్ని చూసి ముగ్ధుడయ్యాడు. అట్టలతో పట్టుబట్ట నేయగలిగితే, అట్టలతోనే లెక్కలు చేయించలేమా అని ఆలోచించాడు. 1830లలో ఆయన ఊహించిన గణన యంత్రానికి ఆజ్ఞలిచ్చేవి చిల్లుల అట్టలే. ఆ యంత్రం పూర్తి కాలేదు. కాని ఆలోచన బతికింది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలెరిత్ చిల్లుల అట్టలతోనే లెక్కగట్టాడు. తర్వాత వచ్చిన కంప్యూటర్లు కూడా చాలాకాలం అట్టలనే చదివాయి. కాబట్టి మగ్గం అట్టను కంప్యూటరు డిస్కుకు ముత్తాత అనుకోవచ్చు. ఇవాళ మనం చెప్పుకోబోయేది ఆ ముత్తాత మనవడి కథ, అంటే ఫ్లాపీ డిస్కు కథ.

ఫ్లాపీ అంటే ఏమిటి?

మీ కంప్యూటరులో ఫైలును భద్రపరచడానికి నొక్కే చిన్న బొమ్మ చూశారా? చాలా ప్రోగ్రాములలో అది చదరపు బిళ్ళలా ఉంటుంది. అది ఫ్లాపీ డిస్కు బొమ్మే. బొమ్మను రోజూ నొక్కుతున్న పిల్లల్లో ఎందరో అసలు వస్తువును చూసి ఉండరు!

ఐబీఎం కంపెనీ 1971లో మొదటి ఫ్లాపీని అమ్మకానికి తెచ్చింది. దాని కొలత 8 అంగుళాలు. 1976లో అయిదుంపావు అంగుళాల డిస్కు వచ్చింది. 1981లో సోనీ కంపెనీ మూడున్నర అంగుళాల డిస్కు తెచ్చింది. గట్టి తొడుగూ, పక్కకు జరిగే రేకు తలుపూ దాని గుర్తులు.

తొడుగు విప్పి చూస్తే లోపల పల్చని ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుంది. దానికి రెండువైపులా ఇనుప ఆక్సైడు లాంటి అయస్కాంత పదార్థపు పూత ఉంటుంది. పళ్ళెం నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు సెకనులో అయిదోవంతు. తిరుగుతున్న పళ్ళెం మీద చిన్న అయస్కాంత తల ఆనుకొని ఉంటుంది. రాసేటప్పుడు ఆ తల పూతలోని అయస్కాంత దిశను అటూ ఇటూ మారుస్తుంది. చదివేటప్పుడు ఆ మార్పులను పసిగడుతుంది. అట్టమీద చిల్లు ఎలాగో, ఇక్కడ దిశ మారడం అలాగన్నమాట.

రాత ఎక్కడపడితే అక్కడ ఉండదు. పళ్ళెం మీద ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలుంటాయి. వీటిని ట్రాకులంటారు. ఒక్కొక్క ట్రాకును ముక్కలుగా చేస్తే అవి సెక్టార్లు. మూడున్నర అంగుళాల డిస్కుకు రెండువైపులా 80 ట్రాకుల చొప్పున ఉంటాయి. ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణించి చూడండి: 2 × 80 × 18 × 512. జవాబు 14,74,560 బైట్లు. మీ ఫోనులో తీసిన ఒక్క ఫోటో 3 మెగాబైట్లు ఉంటే, దాన్ని దాచడానికి ఇలాంటి డిస్కులు రెండు కూడా చాలవు. వేలెడంత 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో 43 వేలకు పైగా ఫ్లాపీలు ఇమిడిపోతాయి!

అయినా ఆ కాలానికి ఫ్లాపీ గొప్ప సౌకర్యం. 1990లలో మన ఊళ్ళ డీటీపీ సెంటర్లలో పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, సంచికలు, పుస్తకాలు కంప్యూటరు మీద కూర్చి, ఫ్లాపీలో వేసుకొని అచ్చాఫీసుకు పట్టుకెళ్ళేవారు.

ఇంటికొక భాష

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. అలాంటి పాత ఫ్లాపీ ఒకటి అటకమీద దొరికిందనుకోండి. దాన్ని నేటి కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎలా?

యూఎస్‌బీ తీగతో తగిలించే ఫ్లాపీ డ్రైవులున్నాయి గదా, అందులో పెడితే సరిపోదా అంటారు. మూడున్నర అంగుళాల డిస్కు, అదీ ఐబీఎం తరహా కంప్యూటరులో రాసిందైతే, చాలాసార్లు సరిపోతుంది. అయిదుంపావు అంగుళాల డిస్కు అందులో దూరనే దూరదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 1980లలో ఇళ్ళలోకీ, బళ్ళలోకీ వచ్చిన కంప్యూటర్లు తలా ఒక పద్ధతిలో డిస్కు మీద రాసేవి.

ఆపిల్ 2 కంప్యూటరు ఒకవైపు 35 ట్రాకులు, ట్రాకుకు 16 సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు రాసేది. కమడోర్ 64 డ్రైవు కూడా 35 ట్రాకులే రాసేది. కాని బయటి వలయం పెద్దది గనుక అక్కడ 21 సెక్టార్లు, లోపలి వలయం చిన్నది గనుక అక్కడ 17 సెక్టార్లే పెట్టేది. మొత్తం 683 సెక్టార్లు. అమీగా కంప్యూటరు ఒక ట్రాకులో 11 సెక్టార్లను దగ్గరదగ్గరగా సర్దేది. ఒకే కొలత కాగితం మీద ఒకరు తెలుగులో, ఒకరు తమిళంలో, ఇంకొకరు ఉర్దూలో రాసినట్టే. కాగితం ఒకటే, చదివేవాడికి మాత్రం లిపి తెలియాలి.

మన దేశపు బళ్ళతో సంబంధమున్న కంప్యూటరు ఒకటి ఇందులో ఉంది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దాదాపు 250 పాఠశాలలతో కంప్యూటరు చదువు మొదలుపెట్టింది. అప్పుడు ఇచ్చినవి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు. ఇంగ్లండులో బళ్ళకోసమే తయారైన యంత్రమది. దాని మామూలు డిస్కులో 40 ట్రాకులు, ట్రాకుకు 10 సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు. మొత్తం ఎంతో మీరే లెక్కించండి. (1,02,400 వచ్చిందా?) ఆ రాత పద్ధతి ఎంత పాతదంటే, తర్వాత వచ్చిన ఐబీఎం తరహా కంప్యూటర్లు చాలావరకు దాన్ని చదవలేవు.

మరోవైపు ఫ్లాపీ మెల్లగా కనుమరుగైంది. 1998లో వచ్చిన ఆపిల్ ఐమాక్‌లో ఫ్లాపీ డ్రైవు లేదు. తర్వాత తక్కిన కంపెనీలూ మానుకున్నాయి. సోనీ కంపెనీ 2011లో డిస్కుల అమ్మకం ఆపేసింది. జపాను ప్రభుత్వం, దరఖాస్తులను ఫ్లాపీలో ఇవ్వాలన్న నిబంధనలను 2024లో తొలగించింది.

మొదటి మెట్టు: పళ్ళేన్ని కాపాడటం

పాత డిస్కు దొరగ్గానే డ్రైవులో తోసేయకూడదు. ముందు దాన్ని చూడాలి. మన వానాకాలపు తేమకు పూత మీద బూజు పడుతుంది. బూజు పట్టిన డిస్కును తిప్పితే తల దానిమీద గీరుకుంటుంది. పూత ఊడిపోతుంది. ఊడిన పూతతోపాటు రాత కూడా పోతుంది. అంతటితో ఆగదు, తలకు అంటుకున్న మురికి తర్వాత పెట్టిన మంచి డిస్కును కూడా పాడుచేస్తుంది. కాబట్టి బూజు కనిపిస్తే ముందు డిస్కును శుభ్రం చేయాలి. తలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. ఇది తెలిసినవాళ్ళ చేత చేయించవలసిన పని.

రెండో జాగ్రత్త, పొరపాటున కూడా డిస్కు మీద కొత్తగా రాయకుండా చూడటం. అయిదుంపావు అంగుళాల డిస్కు అంచున చిన్న గాడి ఉంటుంది. దానిమీద కాగితం అంటిస్తే డ్రైవు రాయడానికి నిరాకరిస్తుంది. మూడున్నర అంగుళాల డిస్కుకు మూలన చిన్న కిటికీ ఉంటుంది. అది తెరిచి ఉంటే రాయడం కుదరదు. చూశారా తమాషా! ఒకదానికి మూయాలి, ఇంకొకదానికి తెరవాలి.

రెండో మెట్టు: మాత్రలు లెక్కపెట్టే లేఖకుడు

ఇన్ని రకాల రాతలను చదవడానికి ఇన్ని రకాల పాత కంప్యూటర్లు తెచ్చుకోవాలా? అక్కరలేదు. ఒక చక్కని ఉపాయముంది.

ఛందస్సు పాఠం గుర్తుచేసుకోండి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. పద్యం అర్థం తెలియని వాడు కూడా, వింటూ మాత్రలు లెక్కపెట్టి వరసగా రాసుకోగలడు. తర్వాత పండితుడొకడు ఆ వరస చూసి ఇది ఉత్పలమాల, ఇది కందం అని చెప్పగలడు.

ఫ్లాపీ మీద కూడా అంతే. ఐబీఎం తరహా సాధారణ సాంద్రత డిస్కు తిరుగుతున్నప్పుడు అయస్కాంత దిశ మారే చోట్ల మధ్య మూడు రకాల ఎడాలే ఉంటాయి: సెకనులో పదిలక్షల వంతులు 4, లేదా 6, లేదా 8. అంటే రెండు, మూడు, నాలుగు మాత్రలన్నమాట. వేరే కంప్యూటర్ల డిస్కుల మీద మాత్రలు వేరు, కూర్పు వేరు. ఏదైనా ఎడాలు మాత్రం ఎడాలే.

ఈ ఎడాలను కొలిచి రాసుకోవడానికే క్రయోఫ్లక్స్, గ్రీస్‌వీజల్ అనే చిన్న సర్క్యూటు పలకలు తయారయ్యాయి. పాత ఫ్లాపీ డ్రైవును పలకకు తగిలిస్తారు, పలకను యూఎస్‌బీ తీగతో నేటి కంప్యూటరుకు కలుపుతారు. పలకకు ఏ లిపీ తెలియదు. ఒక్కొక్క ట్రాకునూ కొన్ని చుట్లు తిప్పించి, దిశ మారిన ప్రతిసారీ గడియారం చూసి రాసుకుంటుంది, అంతే. ఇది ఆపిల్‌దా, కమడోర్‌దా, బీబీసీదా అని పోల్చుకొని అక్షరాలుగా మార్చే పండితుడు కంప్యూటరులోని ప్రోగ్రాము.

చదివింది సరైనదేనని ఎలా తెలుస్తుంది? కిరాణా చీటీ కింద మొత్తం వేస్తారు గదా! ఎవరైనా మధ్యలో ఒక అంకె తప్పుగా ఎత్తి రాస్తే మొత్తం కలవదు. అలాగే ప్రతి సెక్టారు చివరా ఒక లెక్క రాసి ఉంటుంది. ప్రోగ్రాము తాను చదివిన బైట్లతో మళ్ళీ లెక్కవేసి చూస్తుంది. కలవకపోతే ఇంకొక చుట్టులో చదివినదానితో సరిచూస్తుంది. మన తెలుగు తాళపత్రాల విషయంలో సి. పి. బ్రౌన్ చేయించిన పని ఇలాంటిదే. పంతొమ్మిదో శతాబ్దంలో ఆయన ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, సరైన ప్రతిని రాయించాడు. ఒక ప్రతిలో చెద తిన్న అక్షరం ఇంకొక ప్రతిలో దొరికేది.

ఈ పద్ధతిలో కొన్ని నిధులు నిజంగానే దొరికాయి. ఆండీ వార్హోల్ అనే అమెరికా చిత్రకారుడు 1985లో అమీగా కంప్యూటరు మీద వేసిన బొమ్మలు ఫ్లాపీలలో ఉండిపోయాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు క్లబ్బు విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ వాటిని బయటికి తీశారు. ఆ సంగతి 2014లో లోకానికి తెలిసింది.

మూడో మెట్టు: లేని యంత్రాన్ని సృష్టించడం

డిస్కులోని బైట్లన్నీ యథాతథంగా ఒక్క ఫైలులోకి వచ్చాయి. దీన్ని డిస్కు ప్రతిబింబం అంటారు. అయినా అందులోని ఆట ఆడాలంటే పాత కంప్యూటరు కావాలి గదా? ఇక్కడ నేటి కంప్యూటరు బహురూపి వేషం వేస్తుంది. అనుకరణ ప్రోగ్రాము నడుస్తుంటే, అది తాను బీబీసీ మైక్రోనే అన్నట్టు ప్రవర్తిస్తుంది. పాత ప్రోగ్రాముకు తేడా తెలియదు.

దీని విలువ ఇంగ్లండువారికి బాగా తెలిసివచ్చింది. ఆ దేశపు రాజు 1086లో రాజ్యంలోని భూములన్నీ లెక్కగట్టించి తోలు పత్రాల మీద రాయించాడు. దాని పేరు డోమ్స్‌డే గ్రంథం. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా బీబీసీ 1986లో కొత్త డోమ్స్‌డే తయారుచేయించింది. వేలాది బళ్ళ పిల్లలు తమ ఊళ్ళ విశేషాలు రాసి, ఫోటోలు తీసి పంపారు. వాటినన్నింటినీ లేజర్ డిస్కులలో పెట్టారు. వాటిని చదవడానికి బీబీసీ కంప్యూటరూ, ప్రత్యేకమైన డిస్కు యంత్రమూ కావాలి. పదిహేనేళ్ళు తిరిగేసరికి అలాంటి యంత్రాలు అపురూపమైపోయాయి. తొమ్మిది వందల ఏళ్ళ తోలు పత్రం హాయిగా చదవగలుగుతున్నారు, పదిహేనేళ్ళ డిస్కు చదవలేని స్థితి! చివరకు 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు అనుకరణ ప్రోగ్రాము రాసి దానికి మళ్ళీ ప్రాణం పోశారు.

అక్షరాలొచ్చాయి, తెలుగు రాలేదు!

మన తెలుగు డిస్కులకు ఇంకొక మెట్టు మిగిలి ఉంది. డిస్కు బాగుంది, బైట్లన్నీ తప్పులేకుండా వచ్చాయి. ఫైలు తెరిస్తే మాత్రం తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఎందుకని?

కంప్యూటరు అక్షరాలను దాచుకోదు, సంఖ్యలనే దాచుకుంటుంది. ఏ సంఖ్యకు ఏ అక్షరమో ముందే ఒప్పందం ఉండాలి. అలాంటి ఒప్పందాలు రెండు 1991లో ఒక రూపానికి వచ్చాయి. ఒకటి మన దేశపు ఇస్కీ, రెండోది ప్రపంచ భాషలన్నింటికీ ఉద్దేశించిన యూనికోడ్. కాని డీటీపీ ఖతులు తయారుచేసినవారు చాలామంది ఎవరి దారి వారు చూసుకున్నారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క - ఇలా తెలుగు అక్షరాలను విడదీసి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఒక ఖతిలో గుడి ఉన్న స్థానంలో ఇంకొక ఖతిలో వత్తు ఉండేది. ఆ ఖతి కంప్యూటరులో లేకపోతే పాఠమంతా పిచ్చిగీతలే.

కాబట్టి పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చాలంటే ముందు అది ఏ ఖతితో కూర్చారో తెలియాలి. తెలిస్తే మార్పిడి ప్రోగ్రాములున్నాయి. అవీ అక్కడక్కడా వత్తులు తారుమారు చేస్తాయి, కనుక చివర మనిషి కూర్చొని ప్రూఫు దిద్దక తప్పదు. డిస్కు మీది చీటీలో ఖతి పేరు రాసిన మనిషి ఎంత మేలు చేశాడో ఇప్పుడు ఆలోచించండి!

ఒకేచోట దాచితే?

2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్రకు మహా వరద వచ్చింది. రాజోలి నీట మునిగింది. ఇళ్ళతోపాటు మగ్గాలు, నూలు, నేతసామాను పాడయ్యాయి. మగ్గం మళ్ళీ బిగించుకోవచ్చు, నూలు మళ్ళీ కొనుక్కోవచ్చు. కాని ఏ బుటాకైనా అట్టలు ఒకే ఒక్క జత ఉండి, అవి నాని పోతే, ఆ బుటాను మళ్ళీ మొదటినుంచి గీసుకోవాలి. గీసినవాడు లేకపోతే అది పోయినట్టే.

ఈ మాట డిస్కులకూ వర్తిస్తుంది. ఎంత గట్టి డిస్కయినా ఒక్కటే ఉంటే ప్రమాదమే. ప్రతులు రెండు మూడు ఉండాలి, అవి వేరువేరు ఊళ్ళలో ఉంటే మరీ మంచిది.

మగ్గమూ డిస్కూ నిజంగానే కలుసుకున్నాయని కూడా చెప్పాలి. 1983లో ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చింది. అట్టల స్థానంలో కంప్యూటరు పోగులను ఎత్తించేది. అలాంటి నేత యంత్రాలకూ, ఎంబ్రాయిడరీ యంత్రాలకూ డిజైన్లు ఫ్లాపీలలో ఇచ్చేవారు. యంత్రం ముప్పై ఏళ్ళు పనిచేస్తుంది, ఫ్లాపీలు మాత్రం దొరకవు. అందుకని ఫ్లాపీ డ్రైవు తీసేసి, అదే కొలతలో ఉండే చిన్న పెట్టె బిగిస్తారు. దానికి పెన్‌డ్రైవు పెడితే, యంత్రం ఫ్లాపీయే చదువుతున్నాననుకుంటుంది!

మీరు చేసి చూడండి

ఆరు అట్టముక్కలు తీసుకోండి. ఒక్కొక్కదాని మీద ఎడమనుంచి ఏడు గళ్ళు గీసి 64, 32, 16, 8, 4, 2, 1 అని రాయండి. చివర ఎనిమిదో గడి ఖాళీగా ఉంచండి.

'రాజోలి' అనే మాట కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో ఆరు సంఖ్యలు: ర 3120, దీర్ఘం 3134, జ 3100, ఓత్వం 3147, ల 3122, గుడి 3135. అన్నింటిలోంచీ 3072 తీసేయండి. 48, 62, 28, 75, 50, 63 మిగులుతాయి. 48 అంటే 32 + 16, కనుక మొదటి అట్టలో ఆ రెండు గళ్ళకు చిల్లులు పొడవండి. తక్కినవి కూడా అలాగే చేయండి. చిల్లుల సంఖ్య బేసి అయితే ఎనిమిదో గడికి కూడా చిల్లు పెట్టి సరి చేయండి. 62, 28, 50 అట్టలకు ఆ అవసరం వస్తుంది.

ఇప్పుడు అట్టలు మీ స్నేహితుడికివ్వండి. ఒప్పందం చెప్పకుండా చదవమనండి, చదవలేడు. ఒప్పందం చెప్పండి, చదివేస్తాడు. తర్వాత అతనికి తెలియకుండా ఒక అట్టలో ఒక చిల్లు మూయండి. ఎక్కడో తప్పుందని చిల్లులు లెక్కపెట్టే కనిపెడతాడు. ఒకేసారి రెండు చిల్లులు మూస్తే కనిపెట్టగలడా? ఆలోచించండి.

ఈ ఆట అయ్యాక ఇంట్లో పెద్దవాళ్ళనడగండి: పాత ఫ్లాపీలు, సీడీలు, క్యాసెట్లు ఏమైనా ఉన్నాయా అని. ఉంటే పారేయనివ్వకండి. ప్రతిదాని మీదా అందులో ఏముందో, ఏ సంవత్సరానిదో, ఏ కంప్యూటరుతో, ఏ ఖతితో రాశారో వారినడిగి చీటీ రాసి అంటించండి. యంత్రాలు తర్వాతైనా దొరుకుతాయి. ఆ సంగతులు తెలిసిన మనుషులను మాత్రం ఇప్పుడే అడగాలి.